పాతికేళ్ల వయసులో తుంటి విరిగితే: స్క్రూ కన్నా కూర్పు ముఖ్యం

బాత్రూమ్‌లో జారిపడ్డ డెబ్బయ్యేళ్ల పెద్దావిడకి తొడ ఎముక మెడ (తుంటి కీలులోని బంతికి కింద సన్నబడే భాగం) విరిగి పక్కకు జరిగితే, చాలావరకు పైనున్న బంతి తీసేసి కృత్రిమ బంతి పెట్టేస్తారు. బైక్ మీంచి పడ్డ పాతికేళ్ల కుర్రాడికైతే ఆ లెక్క కుదరదు. కృత్రిమ కీలు అతని జీవితకాలమంతా మన్నదు. సొంత బంతిని నిలబెట్టడానికే ఆపరేషన్ చెయ్యాలి.

చిక్కంతా రక్తసరఫరాతోనే. బంతికి రక్తం తెచ్చే సన్నటి నాళాలు ముఖ్యంగా మెడ వెనకా పైనా ఎముకను అంటిపెట్టుకుని వెళ్తాయి. మెడ విరిగి జరిగితే అవి మెలిపడతాయి, సాగుతాయి, తెగనూవచ్చు. అందుకే వీలైతే 24 గంటల్లోపు ఆపరేషన్ చెయ్యాలంటారు. నాటు కట్టుతో వారాలు గడిపి వస్తే బంతిని కాపాడుకునే అవకాశం చేజేతులా తగ్గించుకున్నట్టే. అలాగని అర్ధరాత్రి అలసిన చేతులతో వంకరగా కూర్చడం కన్నా, తెల్లవారాక అనుభవమున్న బృందంతో సరిగ్గా కూర్చడమే మేలని నా అభిప్రాయం.

ముందు ట్రాక్షన్ టేబుల్ (కాలు లాగి పట్టే ఆపరేషన్ బల్ల) మీద కాలు లాగి, లోపలికి తిప్పి, విరిగిన ముక్కలు కుదిరాయో లేదో సీ-ఆర్మ్‌లో (ఆపరేషన్ మధ్యలోనే చూపించే ఎక్స్‌రే యంత్రం) చూస్తారు. ఒకటి రెండు ప్రయత్నాల్లో కుదరకపోతే ఇంకా గుంజకూడదు, నాళాలు దెబ్బతింటాయి. అప్పుడిక ముందువైపు నుంచి తెరవాలి. కీలు సంచి కోసి, గడ్డకట్టిన రక్తం కడిగేస్తే విరిగిన అంచులు కనిపిస్తాయి. బంతిలో కె-వైర్ (సన్నటి గట్టి లోహపు తీగ) గుచ్చి దాన్నే పిడిలా పట్టుకుని తిప్పుతూ, మెడ కింది అంచూ ముందు అంచూ పంటికి పన్నులా కలిసేదాకా సరిచేయాలి. వెనకవైపు ఎముక తరచుగా నుజ్జయి ఉంటుంది, దాన్ని నమ్ముకోకూడదు. బంతి కిందికి వాలి ఉంటే అస్సలు ఒప్పుకోకూడదు. ఎంత మంచి స్క్రూ వేసినా ఆ కూర్పు నిలవదు.

మామూలుగా 6.5 లేదా 7.3 మి.మీ. స్క్రూలు మూడు, తలకిందులైన త్రిభుజంలా, ఒకదానికొకటి సమాంతరంగా వేస్తారు. కిందిది మెడ కింది గోడను ఆనుకుని పోవాలి. స్క్రూ మర మొత్తం విరిగిన చోటు దాటి బంతిలోనే ఉండాలి, లేకపోతే రెండు ముక్కలూ బిగుసుకోవు. మొన మృదులాస్థికి 5 మి.మీ. దగ్గర్లో ఆగాలి. బయటి గోడలో స్క్రూ రంధ్రం చిన్న ట్రోకాంటర్ (తొడ ఎముక పైభాగంలో లోపలివైపు ఉండే బొడిపె) మట్టానికి దిగువన పడితే తర్వాత అక్కడే తొడ ఎముక విరగొచ్చు. స్క్రూకి దారి చూపే గైడ్ వైర్ పదేపదే గుచ్చినా అదే ప్రమాదం.

ఎముక విరిగిన గీత అడ్డంతో 50 డిగ్రీలు దాటి నిలువుగా ఉంటే, అడుగు వేసినప్పుడల్లా బంతి కిందికి జారబోతుంది. దానికి డైనమిక్ హిప్ స్క్రూ (బంతిలోకి పోయే ఒక పెద్ద స్క్రూ, తొడ ఎముక పక్కన బిగించే ప్లేటు) గట్టిది. పెద్ద స్క్రూ తిప్పుతుంటే బంతి కూడా దాంతోపాటు తిరిగిపోతుంది కాబట్టి, ముందే పైన ఇంకో వైర్ వేసి ఆపాలి.

తొడ ఎముక నడిమధ్య విరిగినవాళ్లలో మెడ చీలిక దాక్కుని ఉండొచ్చు. మామూలు ఎక్స్‌రేలో తప్పిపోతుంది. మెడ దగ్గర 2 మి.మీ. మందం పొరలుగా సీటీ స్కాన్ అడగండి. తొడ ఎముకలో రాడ్ వేశాక, రోగిని టేబుల్ మీంచి దించేముందు మెడను మళ్లీ సీ-ఆర్మ్‌లో చూడమనండి.

తర్వాత ఆరు నుంచి పన్నెండు వారాలు చంకకర్రలతో, కాలివేళ్లు మాత్రం నేలకు తాకిస్తూ నడవాలి. సిగరెట్ పూర్తిగా మానాలి. ఎముక అతుక్కోకపోతే, తొడ ఎముక పైభాగం కోసి కోణం మార్చే ఆపరేషన్‌తో బంతిని ఇంకా కాపాడవచ్చు. ఎముక అతుక్కున్నా రక్తం అందక బంతి చచ్చుబడటం ఏడాది, రెండేళ్ల తర్వాత కూడా బయటపడుతుంది. బాగా నడుస్తున్న మనిషికి గజ్జలో మళ్లీ నొప్పి మొదలైతే, కాలు లోపలికి తిప్పినప్పుడు పట్టేస్తుంటే, ఆ వారమే ఎక్స్‌రే తీయించి చూపించాలి.