పిన్ని గుండెలో చిత్ర వాల్వ్

బరంపురంలో మా పిన్ని పక్కన కూర్చుంటే ఆవిడ గుండెలోని వాల్వ్ టిక్ టిక్‌మనడం వినిపిస్తుంది. చిన్నప్పుడు వచ్చిన కీళ్లవాతం జ్వరం అసలు వాల్వ్‌ని పాడుచేసింది. ఇప్పుడున్నది చిత్ర అనే కృత్రిమ వాల్వ్. త్రివేండ్రం శ్రీచిత్ర వైద్య సంస్థలో గుండె సర్జన్ డాక్టర్ వలియత్తాన్, ఇంజనీర్లు కలిసి తయారుచేశారు. మొదటి మూడు మోడళ్లు నిలవలేదు. నాలుగోదాన్ని 1990 డిసెంబరులో తొలిసారి మనిషికి అమర్చారు. లోహపు చట్రంలో చిన్న ప్లాస్టిక్ బిళ్ళ, గుండె కొట్టుకున్నప్పుడల్లా తెరుచుకుని మూసుకుంటుంది, అంతే! సంస్థను నడుపుతూ, ఆపరేషన్లు చేస్తూ ఆయన ఈ పట్టు వదల్లేదు. తర్వాత మణిపాల్ విశ్వవిద్యాలయానికి తొలి వైస్ ఛాన్సలర్ అయ్యారు. నాకైతే ఆ పదవికన్నా నాలుగో మోడల్ మొదలుపెట్టడమే గొప్ప. వాల్వ్ దగ్గర రక్తం గడ్డకట్టకుండా పిన్ని రోజూ రక్తం పల్చబరిచే మాత్ర వేసుకుంటుంది. రక్తం ఎంత పల్చగా ఉందో చూసే ఐఎన్ఆర్ టెస్టు రోజున మాత్రం ఇంటిల్లిపాదికీ టెన్షనే.