గోడ వైపు తిప్పిన గడియారం

మే 27, రాత్రి

రోహిణీ కార్తె. అర్ధరాత్రి దాటినా గోడలు సెగలు కక్కుతూనే ఉన్నాయి. ఎన్నింటికి రాస్తున్నానో చెప్పలేను, గడియారాన్ని పడుకునే ముందే గోడ వైపు తిప్పేశాను. నిద్ర పట్టని రాత్రి చేయాల్సిన మొదటి పని అదే. రెండున్నర అని కంటబడగానే మనసు లెక్కలు మొదలెడుతుంది: ఆరింటికి లేవాలి, ఇక మిగిలింది మూడున్నర గంటలే. ఆ కంగారుకి వచ్చే కునుకు కూడా ఎగిరిపోతుంది. ఫోన్లో టైము చూడటం ఇంకా చేటు, పక్కనే వాట్సాప్ ఉంటుంది.

'ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు' అంటారు. పొలంలో ఒళ్లు వంచి వచ్చినవాళ్లకి అది అక్షరాలా నిజం. ఏసీ గదిలో పరుపు మీద దొర్లేవాళ్లకి సుఖమంతా ఉంది, నిద్రే లేదు.

అసలు తప్పు ఆ దొర్లడంలోనే ఉంది. పక్క మీద మేలుకుని ఉన్నకొద్దీ మంచమంటే మేలుకునే చోటని ఒంటికి అలవాటైపోతుంది. హాల్లో టీవీ ముందు తల వాలిపోయినవాళ్లకి మంచం ఎక్కగానే కళ్లు విచ్చుకునేది అందుకే. ఈ ముడి విప్పే పద్ధతిని అమెరికా మనస్తత్వవేత్త రిచర్డ్ బూట్జిన్ 1972లో చెప్పాడు. నిద్ర పట్టక ఇరవై నిమిషాలయి ఉంటుందని అందాజుగా అనిపిస్తే లేచి వేరే గదిలోకి పోవాలి. మగత కమ్మాకే తిరిగి రావాలి. పట్టకపోతే మళ్లీ లేవాలి. మొదటి రాత్రుల్లో నాలుగైదుసార్లు లేవాల్సి రావచ్చు, చాలామంది అక్కడే విసిగి వదిలేస్తారు.

వేరే గదిలో ఏం చేస్తామన్నదీ ముఖ్యమే. జీరో బల్బు చాలు, ట్యూబ్‌లైటు వేస్తే తెల్లారిందని మెదడు మోసపోతుంది. చేతికి పని ఉండాలి, బుర్రకి ఉండకూడదు. ఉతికిన బట్టలు మడతపెట్టడం, గోరుచిక్కుడుకి ఈనెలు తీయడం లాంటివి. బియ్యంలో రాళ్లు ఏరడం మాత్రం వద్దు, జీరో బల్బుకి అవి కనబడవు, చివరికి లైటు వేస్తారు.

బుర్రలో పనులు గిరగిరా తిరుగుతుంటే కాగితం మీద పెట్టేయాలి. టెక్సస్‌లోని బేలర్ విశ్వవిద్యాలయంవాళ్లు 2018లో ప్రచురించిన ప్రయోగంలో 57 మంది యువతీయువకుల్ని రెండు జట్లు చేశారు. పడుకునే ముందు ఐదు నిమిషాలు రాబోయే పనులు రాసినవాళ్లకి, అయిపోయిన పనులు రాసినవాళ్లకంటే సుమారు 9 నిమిషాలు ముందే నిద్ర పట్టింది. ఎంత వివరంగా రాస్తే అంత త్వరగా పట్టింది. 'అప్పు సంగతి' అని రాస్తే లాభం లేదు. 'రేపు 11కి పాస్‌బుక్కు తీసుకుని బ్యాంకుకి' అని రాయాలి. ఉద్యోగం మానేయడం, ఎవరితోనో తెగతెంపులు చేసుకోవడం లాంటి నిర్ణయాలు అర్ధరాత్రి తడితే అవీ అదే కాగితం మీద పెట్టి, కాఫీ తాగాక చూసుకోవాలి. వాటిలో సగం పగటి వెలుగుకి నిలబడవు.

తిరిగి పడుకున్నాక ఒక ఆట ఉంది. కెనడాలో లూక్ బోడ్వాన్ అనే పరిశోధకుడు ఇంగ్లీషు అక్షరాలతో చెప్పినదాన్ని మన అక్షరాలతో ఆడుకోవచ్చు. ఒక మాట తీసుకుని, అందులోని ఒక్కో అక్షరంతో మొదలయ్యేవి తలుచుకోవాలి. 'పనస' అనుకోండి. ప: పలక, పందిరి, పటిక బెల్లం. ఒక్కొక్కటి ఐదారు సెకన్లు కళ్లకు కట్టాలి, పలక చెక్కంచు దాకా. వాటిని కలిపి కథ అల్లకూడదు, అల్లితే మెలకువ వస్తుంది. తట్టడం ఆగిపోతే న: నత్త, నవారు, నక్క. తర్వాత స. చాలాసార్లు సన్నజాజి దాకా వెళ్లరు. 'కళ' లాంటి మాట ఎంచుకున్నారో, ఇరుక్కుంటారు. ళతో మొదలయ్యే తెలుగు మాట ఎక్కడ దొరుకుతుంది!

ఎండాకాలం చిక్కు వేరు. ఒంటి లోపలి వేడి కాస్త దిగితేనే నిద్ర వస్తుంది. అందుకే పడక్కి గంట, రెండు గంటల ముందు గోరువెచ్చని స్నానం. రక్తం చర్మంలోకి, అరచేతుల్లోకి, పాదాల్లోకి చేరి వేడిని బయటికి వదిలేస్తుంది. చన్నీళ్ల కోసం వెతుక్కోనక్కర్లేదు, మేడ మీద ట్యాంకు నీళ్లు సాయంత్రానికి ఎలాగూ కాగే ఉంటాయి. కూలరు తెలంగాణ పొడి ఎండకి బాగా పనిచేస్తుంది. విజయవాడ ఉక్కపోతలో గదికి ఇంకాస్త తేమ ఎక్కిస్తుందంతే. ఏ ఊళ్లోనైనా కిటికీ తెరవకుండా నడిపితే దుప్పటి చెమ్మగిల్లుతుంది. ఇక కాఫీ: సాయంత్రం ఐదింటికి తాగినదాంట్లో దాదాపు సగం కెఫీన్ రాత్రి పదికి కూడా ఒంట్లోనే ఉంటుంది.

వారానికి మూడు రాత్రులు చొప్పున మూడు నెలలు ఇలాగే సాగినా, గురక మధ్యలో ఊపిరి ఆగుతోందని ఇంట్లోవాళ్లు చెప్పినా డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. చిట్కాలు అక్కడ సరిపోవు.

ఆవులింత వచ్చింది. మగత కమ్మిందనడానికి అదొక్కటే చాలదు, చదివిన వాక్యాన్నే మళ్లీ చదవాల్సి రావాలి. పై వాక్యం రెండుసార్లు చదివాను. అలారం ఆరింటికే ఉంది, మార్చలేదు.