ఆరున్నర సెకన్లు ఎక్కడ పోతున్నాయి: 40 స్టార్ట్‌ల లెక్క

నిన్న రాత్రి పన్నెండున్నరకు, యూరప్ ఆటగాళ్లు ఎక్కువగా ఉండే వేళ, వర్చువల్ రెగట్టా ఇన్‌షోర్ అనే ఆన్‌లైన్ తెరచాప పడవ పందేల ఆటలో, జే/70 రకం పడవతో స్టార్ట్ లైన్‌ను కౌంట్‌డౌన్ సున్నాకు వచ్చిన అర సెకనుకే పూర్తి వేగంతో దాటాను. నల్లగొండలో మా ఇంట్లో అందరూ నిద్రలో ఉన్నారు కాబట్టి కేక పెట్టలేదు గాని, రెండు నెలలుగా నన్ను వేధిస్తున్న ఒక లెక్క తేలిందన్న సంతోషం తెల్లవారినా తగ్గలేదు.

నా మొదటి 20 స్టార్ట్‌లను రికార్డు చేసి, ఒక్కొక్కటీ ఆపి చూసి, సున్నా తర్వాత లైన్ దాటడానికి పట్టిన ఆలస్యాన్ని నోట్‌బుక్‌లో రాసుకున్నాను. సగటు 6.5 సెకన్లు వచ్చింది. మొదట ఇంటర్నెట్‌ను అనుమానించాను. పింగ్, అంటే సర్వర్‌కు సంకేతం వెళ్లి రావడానికి పట్టే సమయం, 180 నుంచి 210 మిల్లీసెకన్ల మధ్య ఉంటోంది. 12 నాట్ల గాలిలో ఎదురుగాలికి వెళ్లే పడవ వేగం సుమారు 6 నాట్లు, అంటే సెకనుకు 3.1 మీటర్లు. ఆ లెక్కన 0.2 సెకన్లలో కదిలేది 62 సెంటీమీటర్లే కాబట్టి ఏడు మీటర్ల పడవకు అది లెక్కలోకి రాదు. ఫోన్ వదిలి ల్యాప్‌టాప్‌కు మారాను. చుక్కాని తిప్పడానికి వేలికంటే కీబోర్డు ఎంతో మేలన్నది నా గట్టి అభిప్రాయమే అయినా, ఆలస్యం మాత్రం పావు సెకను కూడా తగ్గలేదు.

అప్పుడు నా పద్ధతినే కాగితం మీద పెట్టాను. లైన్‌కు గాలి దిగువన మూడు పడవల పొడవంత దూరంలో, అంటే 21 మీటర్ల దగ్గర, ముక్కు గాలికి తిప్పి ఒకటిన్నర నాట్ల వేగంతో దాదాపు ఆగినట్టే ఉండేవాణ్ణి. 21ని 3.1తో భాగిస్తే దాదాపు 7 వస్తుంది కాబట్టి, ఏడు సెకన్లు మిగిలి ఉండగా బయలుదేరేవాణ్ణి. ఇందులో రెండు తప్పులున్నాయి. గాలికి దాదాపు 45 డిగ్రీల కోణంలో వెళ్లే పడవ, గాలికి అడ్డంగా ఉండే లైన్‌కు నిలువుగా పోదు, ఏటవాలుగా పోతుంది. కాబట్టి నేను నడవాల్సింది 21 మీటర్లు కాదు, 30 మీటర్లు. రెండో తప్పు వేగానికి సంబంధించినది. రికార్డింగులలో చూస్తే, ఒకటిన్నర నాట్ల నుంచి 6 నాట్లకు చేరడానికి పది సెకన్లు పడుతోంది. ఆ పది సెకన్లలో పడవ సాగేది సుమారు 19 మీటర్లు, మిగిలిన 11 మీటర్లకు ఇంకో మూడున్నర సెకన్లు. మొత్తం 13.5. అందులోంచి నేను ఇస్తున్న ఏడు తీసేస్తే మిగిలేది సరిగ్గా 6.5. నోట్‌బుక్‌లోని సగటు, కాగితం మీది లెక్క ఒక్కటే కావడం చూసి చాలాసేపు ఆ పేజీనే చూస్తూ కూర్చున్నాను.

నాగార్జునసాగర్‌లో లాంచీ నడిపేవారు రేవు ఇంకా దూరంగా ఉండగానే ఇంజన్ వేగం తగ్గించడం చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. బరువున్న పడవకు వేగం పోవడానికి సమయం కావాలి, రావడానికీ కావాలి. అసలు జే/70 బరువు సుమారు 800 కిలోలు, ఆట ఆ బరువును నిజాయితీగానే చూపిస్తోంది.

తర్వాతి 20 స్టార్ట్‌లలో 14 సెకన్లు ఉండగానే బయలుదేరాను. సున్నాకు ముందే లైన్ దాటేసిన మూడింటిని పక్కన పెడితే సగటు ఆలస్యం 3 సెకన్లకు తగ్గింది. కానీ ఈ సగటును నమ్మకూడదు. గాలి దిగువన, అంటే గాలి కుడి నుంచి వస్తుంది కాబట్టి నా ఎడమ పక్కన, రెండు పడవల ఖాళీ దొరికిన ఐదు స్టార్ట్‌లలో ఆలస్యం సెకనులోపే ఉంది, ఖాళీ లేని పన్నెండింటిలో నాలుగు సెకన్ల చొప్పున ఉంది. కింది పడవ, అంటే గాలి దిగువన ఉన్నది, ముక్కు గాలి వైపు తిప్పితే తెరచాప పందేల నియమాల్లో 11వ నియమం ప్రకారం నేనే తప్పుకోవాలి, తప్పుకుంటే వేగం పోతుంది. గాలి వచ్చే వైపున్న పై పడవ నా గాలిని మూసేయడం కూడా కొంత కారణమని నా ఊహ, కానీ దాన్ని ఇంకా విడిగా కొలవలేదు.

లైన్‌లో మేలైన కొస ఎంచుకోవడం మాత్రం కుదిరింది. గాలి 10 డిగ్రీలు మళ్లితే వంద మీటర్ల లైన్‌లో ఒక కొస గాలి వైపు 17 మీటర్లు ముందుంటుంది.

ఇక ఖాళీని దొరకబుచ్చుకోవడం కాదు, తయారు చేసుకోవడం నేర్చుకోవాలి. రేపటి నుంచి పోర్టు టాక్‌లో, అంటే గాలి ఎడమ నుంచి తగిలేలా, లైన్ కిందుగా వస్తూ, 30 సెకన్లు ఉండగా వెడల్పైన సందు చూసి, అందులో పైన ఉన్న పడవకు దగ్గరగా స్టార్‌బోర్డుకు, అంటే గాలి కుడి నుంచి తగిలేలా, తిరుగుతాను. తిరిగేటప్పుడు 13వ నియమం కింద నేనే తప్పుకోవాలి, తిరిగాక కూడా 15వ నియమం ప్రకారం పై పడవకు తప్పుకునే అవకాశం ఇవ్వాలి, కాబట్టి మరీ ఆనుకుని తిరగడం కుదరదు. ఇలా తిరగడానికి (టాక్‌కు) ఆరు సెకన్లు పోయినా చివరి పరుగుకు కావలసిన 14 సెకన్ల కంటే ఎక్కువే మిగులుతాయి. ఈసారి ప్రతి స్టార్ట్‌కూ 15 సెకన్ల దగ్గర ఎడమవైపు ఎన్ని పడవల ఖాళీ ఉందో కూడా రాస్తాను. మరో 20 అయ్యాక సగటు రెండు సెకన్లలోపు వస్తే 49ఇఆర్ అనే మరో రకం పడవకు మారి, దాని పికప్ సమయాన్ని ఇదే పద్ధతిలో కొలవాలనుకుంటున్నాను.