షవర్ రంధ్రాల్లో పేరుకునే రాయి

బోరు నీళ్లు వాడే ఇల్లని షవర్ తిప్పగానే తెలిసిపోతుంది. సగం రంధ్రాలు మూసుకుపోయి ఉంటాయి. తెరిచి ఉన్న వాటి నుంచి వచ్చే ధారలు కూడా తిన్నగా పడవు, ఒకటి గోడ మీదకు, ఒకటి తలుపు మీదకు చిమ్ముతుంది. మేము హైదరాబాద్‌లో నిజాంపేట వైపు ఉంటాం. తాగడానికీ వంటకూ జలమండలి నీళ్లు, మిగతా అన్నిటికీ బోరు, ఎండాకాలంలో ట్యాంకరు. మా అత్తయ్యకు భుజం నొప్పి. వేడి నీళ్లు కాసేపు భుజం మీద పడితే తప్ప పొద్దున ఆవిడ చెయ్యి పైకి లేవదు. "అమ్మాయ్, నీళ్లు భుజం మీద తప్ప అన్ని చోట్లా పడుతున్నాయి" అని ఆవిడ అన్నప్పటి నుంచి షవర్ శుభ్రం చేసే పని నేనే పెట్టుకున్నాను.

ప్లంబర్‌ని పిలిస్తే "ఈ నీళ్లకు ఏ షవరూ ఆగదు మేడమ్, కొత్తది వేసేద్దాం" అన్నాడు. పాపం, రోజూ చూసేదే చెప్పాడు. కానీ షవర్ చెడిపోలేదు కదా. రంధ్రాలకు రాయి అడ్డం పడింది, అంతే. ఆ రాయి కరుగుతుంది.

రాయి అని మాటవరసకు అనడం లేదు. వాన నీరు నేలలో ఇంకేటప్పుడు మట్టిలో ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని కాస్త ఆమ్లంగా మారుతుంది. ఆ నీరు రాళ్లలోని కాల్షియం, మెగ్నీషియాలను బైకార్బనేట్లుగా తనలో కలుపుకుంటుంది. బోరులోంచి పైకి వచ్చి గీజరులో వేడెక్కగానే ఆ వాయువు విడిపోతుంది, కాల్షియం కార్బొనేట్ గట్టిపడి మిగిలిపోతుంది. మా పుట్టిల్లు తాడిపత్రి, అక్కడికి బెలూం గుహలు దగ్గరే. ఆ గుహల్లో పైకప్పు నుంచి వేలాడే రాతి ఊడలు పుట్టింది ఇలాగే. అనంతగిరి కొండల్లో బొర్రా గుహలదీ అదే కథ. అక్కడ వేడి లేదు కాబట్టి వేల ఏళ్లు పట్టింది. మన స్నానాల గదిలో గీజరు ఆ పనిని తొందరపెడుతుంది. అందుకే చన్నీళ్ల కుళాయి కంటే వేడినీళ్లు వచ్చే షవర్ ముందు మూసుకుపోతుంది.

మన నీళ్లలో ఈ రాయి ఎంత ఉందో తెలుసుకోవడం కష్టం కాదు. కందిపప్పు ఎంతసేపు ఉడికించినా పలుకుగానే ఉండటం, సబ్బు నురగ రాకుండా తెల్లటి తెట్టు కట్టడం, బకెట్ అంచున చార పడటం చూస్తే సగం సంగతి అర్థమైపోతుంది. అంకె కావాలంటే చుక్కల కిట్టు దొరుకుతుంది. చిన్న సీసాలో నీళ్లు తీసుకుని రంగు మందు వేస్తే ద్రాక్షరసంలా ఎర్రబడతాయి. తర్వాత రెండో మందును ఒక్కో చుక్కా వేస్తూ, సీసా ఊపుతూ లెక్కపెట్టాలి. ఒక చుక్క దగ్గర ఎరుపంతా పోయి నీళ్లు నీలంగా మారతాయి. ఎన్ని చుక్కలు పడ్డాయో దాన్ని బట్టి కాఠిన్యం. మా బోరు నీళ్లలో లీటరుకు 640 మిల్లీగ్రాములు వచ్చింది. భారతీయ ప్రమాణాల సంస్థ తాగునీటికి పెట్టిన ఐఎస్ 10500 ప్రమాణంలో 200 దాకా మంచిది, వేరే దారి లేకపోతే 600 దాకా సరే. ఇంకోలా చెప్పాలంటే మా 15 లీటర్ల గీజరు నిండిన ప్రతిసారీ అందులోకి దాదాపు పది గ్రాముల సున్నపురాయి కనబడకుండా వచ్చి చేరుతోంది. అంతా అక్కడే ఆగిపోదు, చాలావరకు నీళ్లతో పోతుంది. ఆగిపోయే కొద్దిపాటితోనే మన తగువంతా.

అపార్ట్‌మెంట్లలో అందరూ టీడీఎస్ మీటరు ముంచి అంకె చూసి తృప్తి పడుతుంటారు. అది నీటిలో కరిగిన లవణాలన్నిటినీ కలిపి అంచనా వేస్తుంది. మామూలు ఉప్పును, కాల్షియాన్ని వేరు చేసి చెప్పలేదు. షవర్ కోసమైతే చుక్కల లెక్కే నమ్మండి.

ఇక శుభ్రం చేయడం. నేను వాడేది నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లం. కిరాణా కొట్లో పొట్లాల్లో దొరుకుతుంది, వాసన ఉండదు. వెనిగర్ కూడా పని చేస్తుంది కానీ ఇల్లంతా ఘాటు. పైగా అందులో ఆమ్లం నాలుగైదు శాతమే. పది గ్రాముల రాయి కరగాలంటే పావు లీటరు నుంచి 300 మిల్లీలీటర్ల వెనిగర్ కావాలి, అదే నిమ్మ ఉప్పు అయితే 13 గ్రాములు చాలు. ఇంట్లో ఏమీ లేకపోతే చింతపండు పులుసు పట్టించినా కొంత మెత్తబడుతుంది. మా అమ్మ కుళాయిలకు ఇప్పటికీ అదే రుద్దుతుంది, అవి మెరుస్తూనే ఉంటాయి.

షవర్‌ను విప్పేటప్పుడు దాని నట్టుకి పాత గుడ్డ చుట్టి పానా పెట్టాలి, లేకపోతే మెరుగు గీసుకుపోతుంది. చాలావాటికి చేతి పట్టు సరిపోతుంది. విప్పాక లోపల రబ్బరు వాషరు, దాని పక్కన చిన్న జల్లెడ ఉంటాయి. వాటిని జాగ్రత్తగా తీసి పక్కన పెట్టండి. ఆ జల్లెడలో ఇసుక, తుప్పు పొడి, విరిగిన రాతి పెచ్చులు ఇరుక్కుని ఉంటాయి. ధార సన్నబడటానికి ఒక్కోసారి అసలు కారణం అదే, రంధ్రాలు కాదు.

ప్లాస్టిక్ టబ్బులో లీటరు గోరువెచ్చని నీళ్లకు 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి, రంధ్రాల వైపు కిందకు ఉండేలా షవర్‌ను ముంచుతాను. అల్యూమినియం గిన్నె వద్దు, ఆమ్లం దాన్ని తింటుంది. మరిగే నీళ్లు కూడా వద్దు. కాల్షియం సిట్రేట్ వేడిలో తక్కువ కరుగుతుంది, నీళ్లు మరీ వేడిగా ఉంటే తెల్లటి పొడిగా మళ్లీ అక్కడే దిగుతుంది. ముంచిన కాసేపటికి ప్రతి రంధ్రం చుట్టూ సన్నటి బుడగలు వరుస కడతాయి. అది రాయిలోంచి విడిపోతున్న కార్బన్ డయాక్సైడ్, నేల అడుగున నీళ్లు కలుపుకున్నదే. బుడగలు ఆగాయంటే రాయి అయిపోయిందైనా కావాలి, ఆమ్లం అయిపోయిందైనా కావాలి. చూసి ఇంకా తెల్లగా ఉంటే నీళ్లు మార్చి కొత్తగా కలపాలి. గంట చాలు. మెరుగు పూత ఉన్న వాటిని, ముఖ్యంగా బంగారు రంగువి, రాత్రంతా నానబెట్టకండి.

నానాక రబ్బరు మొనలున్న షవర్ అయితే బొటనవేలితో నొక్కుతూ రుద్దితే చాలు, లోపలి పెచ్చులు పుటుక్కున రాలతాయి. లోహపు రేకులో చిన్న రంధ్రాలున్నదైతే కొబ్బరి చీపురు పుల్ల తీసుకోండి. దాని కొస సన్నగా, గట్టిగా ఉంటుంది, గీతలు పెట్టదు. పిన్నీసు పెడితే రంధ్రం అంచు చెదిరి ధార ఎప్పటికీ వంకరగానే పడుతుంది. పాత టూత్ బ్రష్‌తో ఓసారి తోమి కడిగేయాలి. తిరిగి బిగించే ముందు షవర్ లేకుండానే పైపు తిప్పి నీళ్లు వదిలితే లోపల మిగిలిన పెచ్చులు బయటికి పోతాయి. పైపు చివర ఉన్న మర చుట్ల మీద తెల్ల టెఫ్లాన్ టేపు బిగించే దిక్కుకే చుట్టండి. ఎదురు చుడితే తిప్పుతుండగా ఊడిపోయి కారుతుంది. షవర్ విప్పడానికి వీల్లేని చోట పాలిథిన్ సంచిలో ఆ ద్రావణం పోసి, రంధ్రాలు మునిగేలా మెడకు రబ్బరు బ్యాండుతో కట్టేయడమే.

వీడియోల్లో ఒక చిట్కా పదేపదే కనబడుతుంది: వెనిగర్‌లో వంట సోడా కలిపితే పొంగి మురికంతా పోతుందట. దయచేసి అలా చేయకండి. సోడా క్షారం, వెనిగర్ ఆమ్లం. రెండూ ఒకదాన్నొకటి ఖర్చు చేసుకుంటాయి. రాయిని కరిగించాల్సిన ఆమ్లం సోడాకే సరిపోతుంది, మనకు మిగిలేది చూడ్డానికి బాగున్న పొంగు.

ఇంతకంటే నన్ను భయపెట్టేది బాత్‌రూమ్ యాసిడ్. అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. రాయిని క్షణాల్లో కరిగిస్తుంది, నిజమే. దాంతోపాటు క్రోమియం పూతనూ, కింది ఇత్తడినీ పట్టుకుంటుంది. అప్పటికే నేల మీద బ్లీచింగ్ పౌడర్ ఉంటే క్లోరిన్ వాయువు పుడుతుంది. తలుపు మూసిన చిన్న గదిలో అది ఊపిరి ఆపేంత ప్రమాదం. నిమ్మ ఉప్పు వాడినా బ్లీచింగ్ దగ్గర లేకుండా చూసుకోవాల్సిందే.

మరో జాగ్రత్త మన ప్రాంతం వాళ్లకే ఎక్కువ అవసరం. కడప బండలు, తాండూరు బండలు, షాబాద్ బండలు అన్నీ సున్నపురాళ్లే. షవర్‌లో పేరుకున్న రాయిని కరిగించే ద్రావణానికి నేల మీది బండ వేరని తెలియదు. పుట్టింట్లో స్నానాల గదికి పరిచింది నల్ల బండలే, కాబట్టి అక్కడ టబ్బు పెరట్లో పెట్టి నానబెడతాను. ఒక్క చుక్క పడినా నునుపు పోయి తెల్లటి మచ్చ మిగులుతుంది, ఎంత కడిగినా పోదు.

పేరుకోవడం తగ్గాలంటే గీజరు వేడి తగ్గించడం సులువైన పని. మేము 50 డిగ్రీల దగ్గర ఉంచుతున్నాం. భుజానికి ఆ వేడి చాలు, రాయి దిగడమూ తగ్గింది. అత్తయ్య ఇప్పుడు స్నానం అయ్యాక షవర్ మొహాన్ని తువ్వాలు అంచుతో తుడిచి మరీ బయటికి వస్తారు. ఆరిపోయే చుక్కే రాయి అవుతుందని ఆవిడకు చెప్పాను, అంతే.

మా అపార్ట్‌మెంట్ సంఘంలో భవనమంతటికీ నీళ్లను మెత్తబరిచే, అంటే కాఠిన్యం తీసేసే యంత్రం పెడదామనే చర్చ నడుస్తోంది. అందులోని రెజిన్ పూసలు కాల్షియం, మెగ్నీషియాలను పట్టుకుని బదులుగా సోడియం వదులుతాయి. పూసలు నిండిపోయాక ఉప్పు నీళ్లతో కడిగి మళ్లీ సిద్ధం చేయాలి. గీజర్లకు, షవర్లకు వెళ్లే లైనుకు పెడితే నేను ఒప్పుకుంటాను. మొత్తం ట్యాంకుకు పెట్టడం మాత్రం నాకు ఇష్టం లేదు. ఫ్లష్‌కూ నేల కడగడానికీ మెత్తటి నీళ్లు ఎందుకు? పూసలు కడిగిన ఉప్పు నీళ్లను ఇంకుడు గుంతలోకి వదిలితే మన బోరునే మనం పాడు చేసుకున్నట్టు. మిద్దె మీద కుండీల్లో టమాటా, బచ్చలి పెంచుతున్న వాళ్లున్నారు, సోడియం ఎక్కువైన నీళ్లు వాటికి పడవు. కుండీల కుళాయిని పాత బోరు లైనుకే ఉంచమని రాతపూర్వకంగా ఇచ్చాను.