హాజిరీ కాగితం నుంచి ముఖం చూసే మిషన్ దాకా

జగిత్యాల, సిరిసిల్ల, కామారెడ్డి దిక్కు నుంచి దుబాయ్ పోయి కన్‌స్ట్రక్షన్ కంపెనీల్లో పనిచేసేవాళ్లకు "మన కంపెనీ డిజిటల్ అయింది" అంటే కంటికి కనిపించే మార్పు ఒక్కటే. ఫోర్‌మన్ కాగితం మీద టిక్కు పెట్టుడు బందయి, గేటు దగ్గర ముఖమో వేలో చూపించాలి. ఆఫీసులో దీన్ని సాఫ్ట్‌వేర్ పని అనుకుంటారు. నిజానికి ఇది జీతం పని. నెలాఖరుకు ఓటీ (అదనపు గంటల) పైసలు సరిగ్గా పడతాయా లేదా అన్నది ఆ గేటు దగ్గరే తేలిపోతుంది.

కంపెనీలు ఈ ఖర్చుకు దిగడానికి మొదటి కారణం సర్కారే. యూఏఈలో 2009లో వేతన రక్షణ పద్ధతి వచ్చింది. అందరూ డబ్ల్యూపీఎస్ అనే అంటారు. జీతం బ్యాంకు ద్వారానో, అనుమతి ఉన్న మనీ ఎక్స్ఛేంజ్ ద్వారానో పడాలి, ఎవరికెంత పడిందో కార్మిక శాఖకు కనబడాలి. తర్వాత సౌదీ, ఖతార్ కూడా అదే దారి పట్టాయి. 2018 జనవరి 1న యూఏఈ, సౌదీలలో వ్యాట్ మొదలైంది. సౌదీలో వ్యాట్ కట్టే వ్యాపారాలకు 2021 డిసెంబర్ 4 నుంచి చేతిరాత బిల్లు చెల్లకుండా పోయింది. వేరేవాళ్ల సైట్లకు మనుషులను పంపే లేబర్ సప్లై కంపెనీలకైతే ఇంకో కారణం ఉంది. సైటు ఇంజనీరు సంతకం పెట్టిన టైమ్‌షీటే వాళ్లకు బిల్లు. ఆ కాగితం తడిసినా, పోయినా ఆ గంటలకు పైసలు అడగలేరు.

మిషన్లు కొనడం సులువు. పేర్లు సాఫు చేయడం కష్టం, అదే ముందు చేయాలి. మన దిక్కు మనుషుల్లో గంగారాంలు, నర్సయ్యలు, రాజయ్యలు ఒక్క లేబర్ క్యాంపులోనే నలుగురైదుగురు ఉంటారు. ఒకే మనిషి పేరు పాస్‌పోర్టులో ఇంటిపేరుతో, పతాకాలో (అక్కడి గుర్తింపు కార్డులో) ఇంటిపేరు లేకుండా, బ్యాంకులో ఇంకో స్పెల్లింగుతో ఉంటుంది. పేరును బట్టి జత కలిపితే ఒక నర్సయ్య గంటలు ఇంకో నర్సయ్య ఖాతాలో పడతాయి. అందుకే జత కలపాల్సింది పేరుతో కాదు, లేబర్ కార్డు నంబరుతో. ప్రతి మనిషినీ పిలిచి పాస్‌పోర్టు, పతాకా, బ్యాంకు కార్డు మూడూ ఒకేసారి బల్ల మీద పెట్టించి సరిచూడాలి. క్యాంపులో రాత్రి భోజనాలయ్యాక కూర్చుంటే ఈ పని బాగా సాగుతుంది.

తర్వాత గేటు. లెక్క చూడండి: 300 మందికి ఒక్క మిషన్, మనిషికి 4 సెకన్లు. చివరివాడి వంతు వచ్చేసరికి 20 నిమిషాలు. రెండోసారి, మూడోసారి వేలు పెట్టాల్సినవాళ్లుంటే అది అరగంట దాటుతుంది. ఆ ఆలస్యం లైన్లో నిలబడ్డవాడి తప్పు కాదు కానీ కోత వాడికే పడుతుంది. బేసిక్ (అలవెన్సులు కలపని మూల జీతం) నెలకు 1,000 దిర్హాములైతే గంటకు 4.17, యూఏఈ చట్టం ప్రకారం ఓటీకి 25 శాతం కలిపి 5.21. రోజుకు 15 నిమిషాల ఓటీ పోతే 26 రోజులకు ఆరున్నర గంటలు, అంటే దాదాపు 34 దిర్హాములు. 300 మందికి లెక్క కడితే నెలకు 10,000 దాటుతుంది. నాలుగు మిషన్లు పెడితే లైను 5 నిమిషాల్లో కరిగిపోతుంది. మూడు మిషన్ల ఖర్చు మిగుల్చుకోబోయి మొత్తం సైటుతో తగువు పెట్టుకోవడం తెలివితక్కువ పని.

మేస్త్రీలు, టైల్స్ పనివాళ్ల వేళ్ల మీద గీతలు అరిగిపోతాయి. తడి సిమెంటులో క్షారం ఎక్కువ, అది రోజూ చర్మాన్ని తింటుంది. వాళ్లకు ఎక్కువ పని చేయని చేతి వేళ్లు రెండు రిజిస్టర్ చేయాలి, అవీ పనికిరాకపోతే ముఖం లేదా కార్డు. ముఖం చూసే మిషన్‌కు ఎదురెండ పడకూడదు. హెల్మెట్ నీడలో, దుమ్ము గుడ్డతో ముఖం గుర్తుపట్టదు. నీడ కింద, గోడకు, సగటు మనిషి కంటి ఎత్తులో పెట్టి, అద్దం రోజూ తుడిచే బాధ్యత ఒకరికి పేరు పెట్టి అప్పజెప్పాలి.

నిబంధనలు సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించే చోటే పెద్ద పొరపాట్లు దొర్లుతాయి. రాత్రి 7కు ఎక్కి తెల్లవారి 5కు దిగే షిఫ్టును మిషన్ రెండు రోజులుగా విడగొడుతుంది. మొదటి రోజున దిగినట్టు ఉండదు, రెండో రోజున ఎక్కినట్టు ఉండదు, రెండూ నాగాలే. రాత్రి షిఫ్టు గ్రూపుకు తేదీ అర్ధరాత్రి కాక మధ్యాహ్నం మారేలా పెట్టాలి. యూఏఈలో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని బంద్. ఆ రెండున్నర గంటల కోత సెప్టెంబర్ 16న తీసేయడం మరిస్తే అందరి గంటలూ కరిగిపోతాయి. రంజాన్‌లో పని రెండు గంటలు తగ్గుతుంది, ఆ నెల మొదలు నెలవంకను బట్టే. కాబట్టి తేదీ ముందే బిగించకుండా ప్రకటన రాగానే మార్చే మనిషి ఉండాలి. సర్వర్ ఇండియా టైములో ఉంటే పొద్దున 6కు పెట్టిన హాజిరీ ఏడున్నరగా పడుతుంది. ఇది మొదటి రోజే చూసుకోవాలి.

కనీసం రెండు జీతాల నెలలు కాగితం, మిషన్ రెండూ నడవాలి. తేడా వచ్చిన ప్రతి పేరు పక్కన కారణం రాయాలి: వేలు పడలేదు, వేరే సైటుకు పంపారు, బస్సు లేటు. ఆ రెండు నెలలు మిషన్ మాట మీద ఒక్క గంట కూడా కోయకూడదు. కోశారా, ఆ తర్వాత మిషన్ సరిగ్గా లెక్క చెప్పినా నమ్మేవాడుండడు.

చివరి అడుగు బ్యాంకుకు పోయే జీతాల ఫైలు. యూఏఈలో అయితే ఒక్కో మనిషికి ఒక్కో వరుస: 14 అంకెల కార్మిక నంబరు, బ్యాంకు కోడ్, 23 అక్షరాల ఖాతా నంబరు, తేదీలు, పని రోజులు, స్థిర జీతం, మారే జీతం, సెలవులు. అడుగున మొత్తం, మనుషుల లెక్క. ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేస్తే నంబరు ముందున్న సున్నాలు ఎగిరిపోతాయి, ఫైలు వెనక్కి వస్తుంది. ఆ గడిని ముందే టెక్స్ట్‌గా పెట్టుకోవాలి. వారాంతపు సెలవుకు ముందు సాయంత్రం పంపిన ఫైలు తిరిగొస్తే ఊళ్లో చిట్టీ కట్టాల్సిన తారీఖు దాటిపోతుంది. ఒకటి రెండు రోజులు ముందే పంపడం అందుకే.

ఇక పనిచేసేవాళ్ల వైపు. కంపెనీ యాప్‌లో క్యాంపు బాస్ ఫోన్ నంబరు ఇవ్వకండి. ఓటీపీ ఎవరి ఫోన్‌కు పోతే ఖాతా వాళ్లదే. సౌదీలో కంపెనీ పెట్టిన కాంట్రాక్టు కివాలో (Qiwa, అక్కడి కార్మిక శాఖ వెబ్‌సైటులో) మీ ఒప్పుకోలుకు వస్తుంది. ఒప్పుకునే ముందు బేసిక్ ఎంతో చూడండి, మొత్తం జీతం ఒక్కటే చూసి ఊరుకోవద్దు. యూఏఈలో ఓటీ, గ్రాట్యుటీ (పని మానేటప్పుడు ఇచ్చే సొమ్ము) బేసిక్ మీదే కడతారు, గ్రాట్యుటీ ఏడాదికి 21 రోజుల బేసిక్ చొప్పున, ఐదేళ్లు దాటాక 30 రోజులు. నెల నెలా హాజిరీ పేజీ, జీతం చీటీ రెండూ ఫొటో తీసి ఇంటివాళ్ల వాట్సాప్‌కు పంపి పెట్టుకోండి. వీసా క్యాన్సిల్ అయితే కంపెనీ యాప్ లాగిన్ కూడా ఆగిపోవచ్చు. సెటిల్‌మెంట్ కాగితం మీద సంతకం పెట్టేటప్పుడు పక్కన పెట్టి చూసుకోవడానికి అవే పనికొస్తాయి.