అన్నమ్మ గారి పండుగకి పెద్దవాళ్లని పిలిచాం: నా అనుభవం

గుంటూరు జిల్లాలో సిస్టర్లు నడిపే ఒక కేథలిక్ హైస్కూల్లో నేను తెలుగు టీచర్ని. మాది హిందూ కుటుంబం. బడి పునీత (సెయింట్) అన్నమ్మ గారి పేరు మీద ఉంది. మరియమాత తల్లి అన్నమ్మ గారు, తండ్రి జ్వాకీము గారు. ఇద్దరి పండుగా జులై 26నే. కేథలిక్ స్కూల్లో పండుగ అంటే బయటివాళ్లకి డిసెంబర్లో జరిగే సెమీ క్రిస్మస్సే గుర్తొస్తుంది. స్టార్లు, పశువుల పాక, క్రిస్మస్ తాత అన్నీ మాకూ ఉన్నాయి. కానీ సెమీ క్రిస్మస్ ఊళ్లో ప్రతి బడీ చేస్తుంది. బడి తెరిచిన నెలన్నరకి వచ్చే అన్నమ్మ గారి పండుగ మాత్రం మా పిల్లలు తమ సొంతం అనుకుంటారు.

2024లో ఆ పండుగ బాధ్యత నాకు ఇచ్చారు. ఎప్పుడూ అయితే పొద్దున గుడిలో, అంటే చర్చిలో, పూజ, తర్వాత అసెంబ్లీ, నాలుగు డాన్సులు, మధ్యాహ్నం ఆటలు, స్వీటు. ఆ ఏడు హెచ్ఎం సిస్టర్ గారు స్టాఫ్ మీటింగులో వేరే మాట చెప్పారు. "అన్నమ్మ గారు, జ్వాకీము గారు యేసు ప్రభువుకి అమ్మమ్మా తాతయ్యా కదా. వాళ్ల పండుగ రోజున మన పిల్లల అమ్మమ్మల్ని, నాయనమ్మల్ని, తాతయ్యల్ని పిలుద్దాం. తెలుగు టీచర్ గారు చూసుకుంటారు" అన్నారు. పోప్ ఫ్రాన్సిస్ గారు 2021లో జులై నాలుగో ఆదివారాన్ని తాతయ్య, నాయనమ్మల రోజుగా ప్రకటించింది కూడా ఈ పండుగకి దగ్గరగా ఉండాలనేనట. నాకు సంతోషంతో పాటు టెన్షన్ కూడా మొదలైంది. డాన్సులు నేర్పించడం వేరు, మోకాళ్ల నొప్పులున్న వందల మందిని బడికి రప్పించి, కూర్చోబెట్టి, క్షేమంగా ఇంటికి పంపడం వేరు.

ముందు తేల్చుకోవాల్సింది పూజ సంగతి. మా బడిలో సగానికి పైగా పిల్లలు క్రైస్తవులు కాదు. క్రైస్తవుల్లోనూ అందరూ కేథలిక్కులు కారు. 1842లో లూథరన్ మిషనరీ హయ్యర్ దొర గుంటూరు వచ్చినప్పటి నుంచి ఇది లూథరన్ల ప్రాంతం. బాప్టిస్టులు, పెంతెకోస్తు వాళ్లూ ఉన్నారు. పునీతుల పండుగలు వాళ్లు సాధారణంగా చేసుకోరు. మా దగ్గర ముందు నుంచీ కేథలిక్ పిల్లలు జ్ఞానోపదేశం (మత బోధన) క్లాసుకి వెళ్తే మిగతావాళ్లకి అదే పీరియడ్లో నీతి పాఠం ఉంటుంది. ఎవరినీ బలవంతంగా ప్రార్థనలో కూర్చోబెట్టకూడదని రాజ్యాంగం 28వ అధికరణంలోనే ఉంది. 2024 మొదట్లో భారత కేథలిక్ పీఠాధిపతుల (బిషప్పుల) సమాఖ్య తమ బడులకి పంపిన మార్గదర్శకాల్లోనూ ఇతర మతాల పిల్లల మీద క్రైస్తవ సంప్రదాయాలు రుద్దవద్దని, రోజూ అసెంబ్లీలో రాజ్యాంగ పీఠిక చదివించమని చెప్పారు. అందుకని రెండుగా విడగొట్టాం. ఏడింటికి గుడిలో పూజ, ఇష్టమైనవాళ్లు రావచ్చు. తొమ్మిదిన్నరకి బడి ఆవరణలో కార్యక్రమం, అది అందరిదీ. ఆహ్వానంలో ఈ రెండు వాక్యాలూ పెద్ద అక్షరాలతో వేయించాను.

స్టాఫులో కొందరు పాదపూజ పెడదామన్నారు. ఈమధ్య చాలా బడుల్లో చేయిస్తున్నారు, ఫొటోలు కూడా బాగా వస్తాయి. నేను ఒప్పుకోలేదు. ముస్లిం పిల్లలూ, చాలామంది క్రైస్తవ పిల్లలూ చేయలేరు. చేయని పిల్లలు పక్కన నిలబడి చూడాల్సి వస్తుంది. పైగా చాలామంది పెద్దవాళ్లకే అది ఇబ్బంది. పగిలిన మడమలు నలుగురి ముందు పళ్లెంలో పెట్టడం ఏ ముసలమ్మకి ఇష్టం? దాని బదులు ప్రతి పిల్లా తన పెద్దవాళ్లకి మంచినీళ్లు తెచ్చి ఇచ్చి, కార్యక్రమం అయ్యేదాకా పక్కనే కూర్చోవాలి అన్నాం. ఇది ఎవరైనా చేయగలిగిందే.

అసలు కష్టం పేర్ల జాబితా దగ్గర వచ్చింది. క్లాస్ టీచర్లని పిలిచి ఎవరికి ఎవరున్నారో మెల్లగా కనుక్కోమన్నాను. క్లాసులో నిలబెట్టి "తాతయ్య లేనివాళ్లు చేతులెత్తండి" అని మాత్రం అడగొద్దని గట్టిగా చెప్పాను. ఇద్దరు తాతలూ, అమ్మమ్మా, నాయనమ్మా పోయిన పిల్లలున్నారు. ఇంట్లో గొడవలొచ్చి రాకపోకలు లేనివాళ్లున్నారు. హాస్టల్ పిల్లల పెద్దవాళ్లు పల్నాడు, ప్రకాశం పల్లెల్లో ఉంటారు. జులై అంటే పత్తి చేలో కలుపు తీతలు, మిరప నారు పనులు. వాళ్లు ఇక్కడికి రావాలంటే ఒక రోజు కూలి పోతుంది, పైగా బస్సు ఛార్జీలు. అందుకే డైరీలో అంటించే చీటీని మూడుసార్లు తిరగరాశాం. చివరికి "మీ తాతయ్య, నాయనమ్మ, అమ్మమ్మ, లేదా మీకు ఇష్టమైన పెద్దవాళ్లు ఎవరైనా" అని ఖాయం చేశాం.

ఆ చివరి మాట పట్టుకుని ఆరో తరగతి హాస్టల్ పిల్లాడొకడు స్టాఫ్‌రూమ్ గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. "టీచర్, వాచ్‌మన్ తాతని రాయొచ్చా?" అన్నాడు. రాయమన్నాను. తాత మాత్రం వెంటనే ఒప్పుకోలేదు. "గేటు ఎవరు చూస్తారమ్మా" అన్నాడు. గేటు సంగతి పీఈటీ మాస్టారు చూసుకుంటానన్నారు. పండుగ రోజు తాత ఖాకీ చొక్కా కాకుండా ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు. మూడో వరసలో ఆ పిల్లాడి పక్కన కూర్చున్నాడు, కానీ చాలాసేపు కుర్చీ అంచునే ఉన్నాడు. వాడు నీళ్ల గ్లాసు తెచ్చి ఇచ్చాక వెనక్కి ఆనుకున్నాడు.

ఏర్పాట్ల విషయంలో ఆషాఢం మాకు మేలు చేసింది. పెళ్లిళ్లు లేవు కాబట్టి టెంట్ హౌస్ వాళ్లు అడిగిన రోజుకి దొరికారు, రేటూ తగ్గించారు. వానలు పడుతున్నాయని రేకుల షెడ్డుకి ఆనించి వాటర్‌ప్రూఫ్ టెంటు వేయించాం. కుర్చీలు మాత్రం చేతులున్నవే కావాలని పట్టుబట్టాను. మామూలు ప్లాస్టిక్ కుర్చీలోంచి పట్టు లేకుండా లేవడం పెద్దవాళ్లకి ఎంత కష్టమో మా అత్తయ్య గారిని చూసి నాకు తెలుసు. కింది అంతస్తులో టీచర్ల బాత్రూములు ఆ రోజుకి పూర్తిగా వాళ్లకే ఇచ్చి, దగ్గర ఒక ఆయమ్మని ఉంచాం. పొద్దున పిల్లలు వచ్చే స్కూల్ బస్సుల్లోనే పెద్దవాళ్లూ ఎక్కవచ్చన్నాం. ఒక్క ఈ మాటకే వచ్చేవాళ్ల సంఖ్య పెరిగింది.

ఆ రోజు శుక్రవారం. బిర్యానీ పెడదామన్న మాట వచ్చినా, శుక్రవారం మాంసం ముట్టని ఇళ్లు హిందువుల్లోనూ, కేథలిక్కుల్లోనూ ఉన్నాయి. పులిహోర, కట్టుపొంగలి, దద్దోజనం అనుకున్నాం. షుగర్ ఉన్నవాళ్ల కోసం కేసరిని విడిగా పెట్టి, అడిగినవాళ్లకే వడ్డించమన్నాం. ముస్లిం తాతయ్యలు జుమ్మా నమాజుకి వెళ్లాలి కనుక పన్నెండింటికల్లా వడ్డన కూడా అయిపోవాలి. దాంతో అతిథుల ప్రసంగాలన్నీ తీసేశాం. కరస్పాండెంట్ ఫాదర్ గారు కూడా "నేను దీవెన ఇచ్చి కూర్చుంటాను, మైకు వాళ్లకే ఇవ్వండి" అన్నారు.

బైబిల్ పఠనం గురించి కొంచెం చెప్పాలి. ఆ రోజు పూజలో చదివేది సీరా జ్ఞానగ్రంథం 44వ అధ్యాయం. మన పూర్వులను కొనియాడుదాం అని మొదలవుతుంది. కార్యక్రమంలోనూ అదే చదివిద్దామని, ఉచ్చారణ బాగుంటుందని తొమ్మిదో తరగతి అమ్మాయిని ఎంచుకున్నాను. మర్నాడు ఆ అమ్మాయి వచ్చి "టీచర్, మా ఇంట్లో బైబిల్ మొత్తం వెతికాను, ఈ పుస్తకమే లేదు" అంది. వాళ్లు లూథరన్లు. సిస్టర్ గారు తన బైబిల్ తెచ్చి చూపించారు. కేథలిక్ బైబిల్లో 73 పుస్తకాలు, ప్రొటెస్టెంట్ బైబిల్లో 66 అని, ఎక్కువ ఉన్నవాటిలో ఇదొకటని చెప్పారు. "ఇంట్లో అడుగమ్మా. వాళ్లకి ఇష్టం లేకపోతే ఇంకొకరు చదువుతారు, నువ్వు వ్యాఖ్యానం చేద్దువుగాని" అన్నారు. రెండు రోజులకి ఆ పిల్ల తాతయ్యే బడికి వచ్చారు. వాళ్ల సంఘంలో పెద్ద. వరండాలో బెంచీ మీద కూర్చుని, కళ్లజోడు పెట్టుకుని, అధ్యాయం మొదటి నుంచి చివరి దాకా చదివారు. పుస్తకం మూసి మనవరాలితో "మంచి మాటలే. చదువమ్మా" అన్నారు. పండుగ రోజు తను చదువుతుంటే ఆయన మొదటి వరసలో ఉన్నారు.

చీటీలు తిరిగి ఇచ్చినవాళ్లని లెక్కవేసుకుని కుర్చీలు వేయిస్తే, చీటీ ఇవ్వనివాళ్లూ వచ్చేశారు. చుట్టాల పిల్లల్ని వెంటపెట్టుకుని వచ్చినవాళ్లూ ఉన్నారు. పదో తరగతి మగపిల్లలు ఎవరూ చెప్పకుండానే క్లాసుల్లోంచి బెంచీలు మోసుకొచ్చారు. భోజనం చాలదని అర్థమై కాన్వెంట్ వంటింట్లో సిస్టర్లు అప్పటికప్పుడు ఉప్మా చేశారు. ఇద్దరు నాయనమ్మలు ఉల్లిపాయలు తరుగుతామని లోపలికి వెళ్లి, ఎంత చెప్పినా బయటికి రాలేదు.

రాజ్యాంగ పీఠిక చదివాక, కార్గిల్ విజయానికి ఆ రోజుతో 25 ఏళ్లు కాబట్టి ఒక నిమిషం మౌనం పాటించాం. ఆ తర్వాత అంతా పెద్దవాళ్లదే. తమకి తెలిసిన ఒక పని గానీ పాట గానీ చూపించమని ముందే కబురు పంపాం. ఒక నాయనమ్మ నాట్ల పాట అందుకుంటే వెనక వరసల్లోంచి వంత పాడారు. ఒక తాతయ్య గోనెసంచిలో ఇత్తడి కుంచం, మానిక, సోల, గిద్ద తెచ్చారు. బల్ల మీద బియ్యం పోసి గిద్దతో సోల నింపారు, సోలతో మానిక నింపారు. "నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. ఇప్పుడు కుంచానికి గిద్దలెన్ని?" అని అడిగారు. ఏడో తరగతి వాళ్లు వేళ్ల మీద లెక్క కట్టి 64 అని అరిచారు. ఆయన అక్కడితో ఆగలేదు. కొలిచేటప్పుడు అరచేత్తో పైన చదును చేస్తే ఒక కొలత, గోపురంలా పోస్తే ఒక కొలత అని, కూలి ఇచ్చేటప్పుడు దేనితో కొలిచేవారో, అప్పు తిరిగి కట్టించుకునేటప్పుడు దేనితో కొలిచేవారో చేసి చూపించారు. ఆ తేడాతో వాళ్ల నాన్న ఎంత నష్టపోయారో చెబుతుంటే పదో తరగతి వాళ్లు కూడా ముందుకి వచ్చి నిలబడ్డారు. తెలుగు టీచర్నైనా ఆ రెండో కొలత సంగతి నాకు ఆ రోజే తెలిసింది.

ఎనిమిదో తరగతి అమ్మాయి దాదీ గారు మైకు వద్దన్నారు. నా చెయ్యి పట్టుకుని, అన్నమ్మ గారి బొమ్మ వైపు చూపించి ఎవరని అడిగారు. మరియమ్మ గారి తల్లి అని చెప్పాను. ఆవిడ వెంటనే "ఇమ్రాన్ భార్యా! మా ఖురాన్లో ఉంది ఆవిడ కథ. కడుపులో ఉన్న బిడ్డని అల్లాకి మొక్కుకుంది. ఆడపిల్ల పుట్టింది, మర్యమ్ అని పేరు పెట్టింది" అన్నారు. నేను అదే మాట మైకులో చెబితే ఫాదర్ గారు లేచి ఆవిడకి నమస్కారం పెట్టారు. ఆ ఒక్కదానికోసమైనా ఈ పండుగ ఇలా చేసి తీరాల్సిందే అనిపించింది. ఆ బడిలో అన్నేళ్లుగా ఉన్న ముస్లిం పిల్లలు అన్నమ్మ గారి బొమ్మని తమకి తెలిసిన మనిషిగా చూడటం నాకు తెలిసి అదే మొదటిసారి. మర్నాడు ఆ అమ్మాయి స్నేహితురాళ్లకి ఆ కథ చెబుతూ కనిపించింది.

పదకొండున్నరకి వడ్డన మొదలుపెట్టాం. జుమ్మాకి వెళ్లాల్సినవాళ్లకి ముందు పెట్టి మొదటి బస్సులో పంపేశాం. చివరి బస్సు వెళ్లేసరికి రెండయింది.

నేను రాసిపెట్టుకున్నవన్నీ ఒక ఫైల్లో పెట్టి ఆఫీసులో ఇచ్చాను. చేతుల కుర్చీలు, బస్సుల టైములు, డైరీ చీటీ నమూనా, అనుకున్నదానికంటే మూడో వంతు ఎక్కువ వండించాలన్న మాట అన్నీ అందులో ఉన్నాయి. 2025లో పండుగ శనివారం వచ్చింది, బాధ్యత సోషల్ టీచర్ గారికి వెళ్లింది. ఆవిడ ఫైలంతా చదివి, నాకు తట్టని ఒక పేజీ చేర్చారు. మంచం పట్టి రాలేనివాళ్ల పేర్లు ముందే తీసుకున్నారు. పండుగకి ముందు వారం సాయంత్రాలు పిల్లలు ఇద్దరిద్దరు చొప్పున ఒక టీచరో సిస్టరో తోడుగా ఆ ఇళ్లకి వెళ్లారు. మా క్లాసు పిల్లలతో నేనూ రెండిళ్లకి వెళ్లాను. రెండో ఇంట్లో అమ్మమ్మ గారికి చూపు లేదు. ఆవిడ పిల్లలిద్దరి మొహాలూ తడిమి చూసి, మీదే ఊరు, మీరు ఎవరి తాలూకు అని అడగడం మొదలుపెట్టారు. మేము బయల్దేరేసరికి చీకటి పడింది.