గ్రహాంతర సంకేతాల కోసం రేడియో డేటా వెతికిన నా అనుభవం

గ్రహాంతర జీవుల కోసం వెతకడం సైంటిస్టులకే సాధ్యమని చాలామంది అనుకుంటారు. కానీ గ్రహాంతర సంకేతాల కోసం వెతికే బ్రేక్‌త్రూ లిజన్ ప్రాజెక్టు వాళ్లు అమెరికాలోని గ్రీన్ బ్యాంక్, ఆస్ట్రేలియాలోని పార్క్స్ రేడియో టెలిస్కోపుల డేటాని ఎవరైనా డౌన్‌లోడ్ చేసుకునేలా పెట్టారు, దాన్ని చదివే బ్లింపీ, అందులో సిగ్నల్స్ వెతికే టర్బోసెటి ప్రోగ్రాములూ ఉచితమే. పైథాన్ ప్రోగ్రామింగ్ భాష కొద్దిగా వస్తే చాలు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు వెర్షన్ల గొడవ విసిగిస్తుంది, అయినా దాటేయొచ్చు.

నేను మొదట తెరిచింది కొత్తవాళ్ల కోసం పెట్టిన వాయేజర్ 1 ఫైలు. 1977లో బయల్దేరిన ఆ అంతరిక్ష నౌక సిగ్నల్‌ని గ్రీన్ బ్యాంక్ 100 మీటర్ల డిష్ పట్టింది. గ్రాఫు గీస్తే 8419.3 మెగాహెర్ట్జ్ దగ్గర నిటారుగా ఒక ముల్లు, అటూ ఇటూ సమాన దూరంలో రెండు చిన్నవి. అదే డేటాని వాటర్‌ఫాల్ ప్లాట్‌లో, అంటే ఫ్రీక్వెన్సీ అడ్డంగా, కాలం నిలువుగా పెట్టి చూస్తే గీత ఏటవాలుగా పోతుంది. భూమి తిరగడం వల్ల కదలికని బట్టి తరంగాలు మారే డాప్లర్ ప్రభావంతో ఫ్రీక్వెన్సీ సెకనుకి సుమారు 0.4 హెర్ట్జ్ చొప్పున జరుగుతుంది మరి. ట్రాన్స్‌మిటర్ పవరేమో ఇంట్లో బల్బంత, దూరమేమో దాదాపు 2000 కోట్ల కిలోమీటర్లు! అది కళ్లారా చూశాకే ఈ పనిమీద నాకు గట్టి నమ్మకం కుదిరింది.

తర్వాత ఒక నక్షత్రం ఫైళ్లు తీసుకున్నాను. టెలిస్కోపుని ఐదు నిమిషాలు నక్షత్రం వైపు, ఐదు నిమిషాలు పక్కకి, ఇలా మూడుసార్లు తిప్పుతారు. నక్షత్రం వైపు చూసిన మూడుసార్లూ కనిపించి, పక్కకి తిప్పినప్పుడల్లా మాయమయ్యే సిగ్నలే లెక్కలోకి వస్తుంది. టర్బోసెటి ఇచ్చిన లిస్టులో కుప్పలుతెప్పలుగా వచ్చినవన్నీ మనవే, శాటిలైట్లూ భూమ్మీది ట్రాన్స్‌మిటర్లూ. ఒక్కటి మాత్రం ఆ పరీక్ష పాసైంది, దూరం నుంచి వచ్చిన వాయేజర్ గీతలాగే చక్కగా ఏటవాలుగా కూడా ఉంది. ఆ సాయంత్రం నాకున్న టెన్షన్ అంతా ఇంతా కాదు. ప్లాట్లు పెద్దవి చేసి చూస్తే, పక్కకి తిప్పిన ఫైళ్లలోనూ సరిగ్గా అదే వాలులో పలచగా గీత ఉంది. మనం పెట్టిన హద్దుకంటే బలహీనంగా ఉండడంతో ప్రోగ్రాము వదిలేసింది, అంతే. అందుకే లిస్టుని నమ్మి ఆగిపోకూడదు, ప్లాటు తెరిచి చూడాల్సిందే.

నిపుణుల దగ్గరా ఇలాగే జరుగుతుంది. 2019లో పార్క్స్ టెలిస్కోపు సూర్యుడి తర్వాత మనకి అతి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ వైపు చూసినప్పుడు 982 మెగాహెర్ట్జ్ దగ్గర దొరికిన బీఎల్‌సీ1 అనే సిగ్నల్ ఈ వడపోతలన్నీ దాటింది. అలాంటివే వేరే ఫ్రీక్వెన్సీల్లోనూ కనిపించడంతో అది మన పరికరాల రొదేనని 2021లో తేల్చారు. దాన్ని వైఫల్యం అంటే నేను ఒప్పుకోను. తమకి దొరికినదాన్ని తామే అంత పట్టుగా కాదని నిరూపించుకునేవాళ్లు రేపు అవునంటే, ఆ మాట నేను నమ్ముతాను.

ఇన్నేళ్లు వెతికినా ఏమీ దొరకలేదు కదా అనే వాదన కూడా నాకు మింగుడుపడదు. నా ఫైళ్లలో ఉన్నది ఒక్క నక్షత్రం, కొన్ని ఫ్రీక్వెన్సీలు, అరగంట సమయం. అందులో నక్షత్రం వైపు చూసిన పావుగంటలో, నేను పెట్టిన హద్దు బలానికి మించిన సిగ్నల్ అక్కడినుంచి రాలేదని మాత్రమే చెప్పగలను. నోట్సులో అంతే రాసుకుని, ఇప్పుడు ఇంకో నక్షత్రం ఫైళ్లు దించుకుంటున్నాను.